ఉతక్కూడని చొక్కా

మా ఇంట్లో ఒక సినిమా మాట ఎత్తకూడదు. ఎత్తితే మా ఆయన నవ్వుతారు, నాకు ఒళ్ళు మండుతుంది. టీవీలో ఇప్పటికీ అప్పుడప్పుడూ వేస్తుంటారు. క్లైమాక్స్ వచ్చే వేళకి ఆయన ఏ పనిలో ఉన్నా వదిలేసి, కుర్చీ లాక్కుని టీవీ ముందు కూర్చుంటారు. నేను వంటింట్లోంచి రాను. గిన్నెలు మాత్రం కాస్త గట్టిగా చప్పుడయ్యేలా తోముతాను.

ఆ సినిమా తీసిన ఏడాదే మా ఇంటికి రోగమూ లేమీ జంటగా వచ్చాయి. ఆ ఏడాదిని తలుచుకుని కళ్ళు తుడుచుకునే అలవాటు నాకు లేదు. అది వచ్చిందే మమ్మల్ని ఏడిపించడానికి. ఇన్నేళ్ళ తర్వాత కూర్చుని దాని ముచ్చట తీర్చడం దేనికి?

మా ఆయన సినిమాల్లో కాస్ట్యూమర్. ఈ మాట చెప్పగానే జనం హీరోయిన్ల చీరల గురించి అడుగుతారు. ఆయన పని అది కాదు. బట్ట కొనడం, కుట్టడం, ఇస్త్రీ చెయ్యడం, ఏ సీనుకి ఏ జత వేశారో గుర్తు పెట్టుకోవడం, ఆ జతను సినిమా పూర్తయ్యేదాకా కాపాడడం. సినిమాని కథ నడిచిన వరసలో తీయరు. హీరో గుమ్మం దాటడం ఎండాకాలంలో తీస్తే, దాటిన ఆ అడుగు వీధిలో పడడం చలికాలంలో తీస్తారు. తెరమీద రెండూ ఒక్క క్షణం. అందుకని గుండీలు ఎన్ని పెట్టుకున్నాడో, చేతులు ఎంతవరకు మడిచాడో, మరక ఎక్కడుందో, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. దాన్నే కంటిన్యుటీ అంటారు. కంటిన్యుటీ బట్టల్ని విడిగా ఒక ట్రంకు పెట్టెలో పెట్టి మా ఆయన ఇంట్లోనే ఉంచుకునేవారు. కంపెనీ ఆఫీసులో పెడితే ఎవడో ఒకడు తొడుక్కుని పెళ్ళికి వెళ్ళొస్తాడని ఆయన భయం. వట్టి భయం కాదు, మద్రాసులో ఒకసారి అలా జరిగింది కూడా.

మద్రాసు నుంచి సినిమావాళ్ళు ఒక్కొక్కరే హైదరాబాదు వచ్చేస్తున్న రోజుల్లో, ఎనభైల చివర, మేమూ కుట్టు మిషను ఒళ్ళో పెట్టుకున్నంత పనిచేసి రైలెక్కి వచ్చాం. పెద్దవాళ్ళు జూబ్లీ హిల్స్‌లో బండలు పేల్పించి మేడలు కట్టుకున్నారు. మేం రహమత్ నగర్‌లో రెండు గదుల వాటా తీసుకున్నాం. ఆయన పొద్దున్నే మోపెడ్ మీద ఫిల్మ్ నగర్ కొండెక్కితే, దిగేసరికి ఏ వేళయ్యేదో ఆయనకే తెలియదు. ఇంటి ఓనరమ్మ కింద వాటాలో ఉండేది. ఈ ఊరి మనిషే, నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్దది, నీళ్ళ పంపు దగ్గర ఆమె మాటకి తిరుగులేదు. మొదటి ఆరు నెలలూ మా ఇద్దరికీ పడలేదు. ఎందుకు పడలేదో ఇప్పుడు గుర్తులేదు గానీ తప్పు ఆమెదే.

మా పనివాళ్ళకి డబ్బు వచ్చే పద్ధతి ఒకటుంది. సినిమా మొదలయ్యే రోజు కొబ్బరికాయ కొడతారు, షూటింగ్ ఆఖరి రోజు గుమ్మడికాయ కొడతారు. నెల నెలా చేతికి వచ్చేది ఇల్లు గడవడానికి. అసలు సొమ్ము గుమ్మడికాయ రోజున ఇస్తారు. అప్పటిదాకా బట్టల పెట్టె ఎవరి దగ్గరుంటే ఆ సినిమా పని వాళ్ళది. మధ్యలో పెట్టె చేతులు మారిందంటే ఆ సొమ్మూ దాంతోపాటే వెళ్ళిపోతుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి. ఫలానా మనిషి సినిమాని నడిమధ్యలో వదిలేశాడని పేరు పడితే, ఆ మనిషిని ఇంకే కొబ్బరికాయకీ పిలవరు.

నేను చెప్పే సినిమా తొంభైల మొదట్లోది. క్లైమాక్స్ సగం తీశారు, హీరో ఇంకో సినిమాకి వెళ్ళిపోయాడు. మిగతా సగం ఆయన ఎప్పుడు డేట్లిస్తే అప్పుడు. ఆ క్లైమాక్స్‌లో హీరోది తెల్లచొక్కా. గుండెల మీద రక్తం మరకలు, వీపున మసి, కుడి భుజం దగ్గర చీలిక. ఇలాంటి చొక్కాలు మూడు కుడతారు. ఒకటి డూప్ ఒంటిమీద పీలికలైపోయింది, ఇంకోటి మంటల షాటులో కాలింది. మిగిలింది ఒక్కటే, మా పెట్టెలో ఉంది.

హీరో కోసం కంపెనీ ఎదురుచూస్తున్న ఆ నెలల్లోనే మా ఆయన దగ్గు ముదిరింది. మసి వల్ల అన్నారు, ఇస్త్రీ ఆవిరి వల్ల అన్నారు, కొండ మీద చలిగాలి వల్ల అన్నారు. ఒక పొద్దున ముఖం కడుక్కుంటూ దగ్గితే పళ్ళెంలో రక్తం పడింది. ఆయన గబగబా నీళ్ళు పోసేశారు. నేను చూశాను.

రహమత్ నగర్ నుంచి బోరబండ మీదుగా ఛాతీ ఆసుపత్రికి నడుచుకుంటూ వెళ్ళాం. ఎక్స్‌రే చూసి డాక్టరు క్షయ అన్నాడు. నెలల తరబడి మాత్రలు, మొదటి రెండు నెలలూ రోజూ ఇంజెక్షను, పని మానెయ్యాలి, మంచి తిండి తినాలి. మంచి తిండంటే ఏమిటని అడిగాను. గుడ్లు, పాలు, మాంసం అన్నాడు. ఏ డబ్బుతో అని అడగలేదు. డాక్టరు దానికి చదువుకోలేదు కదా.

పాపకి అప్పుడు ఐదేళ్ళు. దాన్ని తెనాలిలో మా అమ్మ దగ్గరికి పంపేశాం. మోపెడ్ అమ్మేశాం. తర్వాత మిషను అమ్ముదామన్నారు ఆయన. దాని బదులు నా కుడిచెయ్యి అమ్ముకోండి, ధర ఎక్కువొస్తుంది అన్నాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నేను వీధిలో జాకెట్లు కుట్టడం మొదలుపెట్టాను. సినిమావాళ్ళ ఇంటి ఆడది కుడుతోందని చుట్టుపక్కలవాళ్ళు తెగ వచ్చేవారు. హీరోయిన్ జాకెట్‌లా కుట్టమనేవారు. హీరోయిన్ జాకెట్టులో సగం గుడ్డే ఉండదమ్మా, మీ ఆయన ఒప్పుకుంటాడా అని అడిగేదాన్ని. నవ్వుకుంటూ కూలి ఇచ్చిపోయేవారు. ఆ నవ్వులతోనే గుడ్లూ పాలూ వచ్చాయి.

కంపెనీవాళ్ళకి మాత్రం పచ్చకామెర్లని చెప్పాం. రోగాల్లో కూడా మర్యాదైనవీ మర్యాద లేనివీ ఉంటాయి. కామెర్లంటే జనం నిమ్మకాయలు పట్టుకుని చూడటానికొస్తారు. క్షయ అంటే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోతారు. అబద్ధం ఆడినందుకు నాకేం సిగ్గు లేదు.

కానీ అబద్ధం ఎన్నాళ్ళు దాగుతుంది? ఖాళీ ఇంజెక్షను సీసాలు చెత్తలో చూసి ఓనరమ్మ మెట్లెక్కి వచ్చింది. ఇల్లు ఖాళీ చెయ్యమంటుందని నేను కొంగు బిగించి సిద్ధంగా నిలబడ్డాను. ఏ మాట అంటే ఏ మాట తిప్పికొట్టాలో అన్నీ నోట్లో పెట్టుకున్నాను.

ఆమె గుమ్మం మీదే కూర్చుంది. "కామెర్లకు ఎవరన్న గిన్ని సూదులు ఏస్తరా బిడ్డా? నాకు తెల్వదనుకున్నవా?" అంది. నేను నోరు తెరిచేలోపే, "మా మరిదికి గిదే బీమారి. జర మంచిగైందని మందులు నడిమిట్ల బంద్ పెట్టిండు. ఏడాది తిరగకముందే పోయిండు. ఈయనను గట్ల చెయ్యనియ్యకు" అంది. కిరాయి సంగతి వెనక చూసుకుందాం, ముందు బట్టలన్నీ మంచిగా ఉడకబెట్టమంది. కాసేపటికి పెళ్ళిళ్ళలో బగారన్నం వండే పెద్ద దేగ్చాని తానే దొర్లించుకుంటూ తెచ్చి మా మెట్ల కింద పెరట్లో పడేసి పోయింది. నేను సిద్ధం చేసుకున్న మాటలన్నీ వృథా అయ్యాయి. అంతకుముందు మా తగువులో తప్పు ఆమెదే అన్నాను కదా, ఇప్పటికీ ఆమెదే. మంచిదైతే మంచిదని మొదట్లోనే చెప్పొచ్చుగా.

డాక్టరు చెప్పింది ఆయన ఉమ్మే గుడ్డలూ రుమాళ్ళూ ఉడకబెట్టమని. అంతే. కానీ నాకు ఏ పనైనా సగం చెయ్యడం చేతకాదు. మందులు మొదలై నెలన్నర అయ్యుంటుంది, ఒకరోజు ఆయన మందులు తెచ్చుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళగానే దేగ్చా కింద మంట పెట్టాను. కాస్టిక్ సోడా పోశాను. దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు, కర్టెన్లు, ఏది చేతికి దొరికితే అది వేశాను. ఆయన పక్క దులుపుతుంటే దిండు కింద దుప్పటి మడతలో తెల్లగుడ్డ ఒకటి తగిలింది. దానిమీద ఎర్రమరక.

మళ్ళీ రక్తం పడుతోందా, నాకు చెప్పకుండా దాస్తున్నారా? మడత విప్పి చూడలేదు. చూసే ధైర్యం లేదు. అలాగే ఉండచుట్టి మరుగుతున్న నీళ్ళలో పడేసి, కట్టెతో అడుక్కి నొక్కాను. గంటసేపు ఉడికించాను. రాతిమీద బాదాను. తీగమీద ఆరేసి, మల్లెపువ్వులా వచ్చిందని ఒక్క క్షణం మురిశాను కూడా.

అప్పుడు కనిపించింది, కుడి భుజం దగ్గర చీలిక.

పన్నెండేళ్ళు కాస్ట్యూమర్‌తో కాపురం చేశాను. లోకంలో ఏ చొక్కా అయినా ఉతకొచ్చు, కంటిన్యుటీ చొక్కా ఉతక్కూడదు. మా పిల్లకి కూడా తెలుసు ఆ సంగతి. ఆయన వచ్చేసరికి తీగ కింద కూలబడి ఉన్నాను. ఆయన చొక్కా వైపు చూశారు, నావైపు చూశారు, మెట్టుమీద కూర్చున్నారు. తిట్టి ఉంటే బాగుండేది. "పెట్టెలో ఉండాల్సింది దిండు కిందికి ఎందుకొచ్చింది?" అని నేనే ఎదురు దబాయించాను. ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయారు. తప్పు నాది గనక నేను రెట్టించలేదు.

మూలిగే నక్క మీద తాటిపండు అన్నట్టు, రెండు రోజులు తిరగకుండానే ప్రొడక్షన్ మేనేజరు వచ్చాడు. హీరో డేట్లు దొరికాయట. నాలుగు రోజుల్లో జూబ్లీ హిల్స్‌లో ఒక బంగళాలో క్లైమాక్స్ మిగతా సగం, ఆ సాయంత్రమే గుమ్మడికాయ. ఈ మాటలన్నీ ఆయన వీధిలో నిలబడే చెప్పాడు, మెట్లెక్కలేదు. రుమాలు ముక్కు దగ్గరే ఉంది. అసలు రోగం ఏమిటో ఎవరో చేరవేశారని అప్పుడర్థమైంది. పాపం మీవారు విశ్రాంతి తీసుకోవాలి, వేరే కాస్ట్యూమర్‌ని మాట్లాడాం, పెట్టె ఇచ్చెయ్యమ్మా, అన్నాడు.

లోపల మా ఆయన మంచం మీద లేచి కూర్చున్న చప్పుడు వినిపించింది. మళ్ళీ పడుకున్న చప్పుడు కూడా వినిపించింది. ఆ రెండో చప్పుడు నాకు నచ్చలేదు.

"పెట్టె గుమ్మడికాయ రోజున వస్తుందండీ. దాంతోపాటు నేనూ వస్తాను" అన్నాను.

"ఈ డిపార్ట్‌మెంటులో ఆడవాళ్ళు లేరమ్మా."

"ఆ రోజుకి ఒకరుంటారు."

మేనేజరు వెళ్ళిపోయాడు. నేను లోపలికొచ్చి పెట్టె మూత తీశాను. మాట అయితే అనేశాను, పెట్టెలో ఉన్నదేమో మల్లెపువ్వు.

చేతిలో నాలుగు రోజులున్నాయి. మా ఆయన దగ్గర పాత నోటుబుక్కు ఒకటుండేది. ప్రతి జతకీ స్టిల్ ఫొటోగ్రాఫర్ని బతిమాలి ఒక ఫొటో తీసుకుని అందులో అంటించుకునేవారు. చొక్కా ఫొటో ముందు, పక్క, వెనక మూడూ ఉన్నాయి. నలుపూ తెలుపూ ఫొటోలు. రంగు ఆయన తలలో ఉంది. ఆయన దిండుకి ఆనుకుని చెబుతుంటే నేను చేసేదాన్ని. ఎండిన రక్తానికి కాఫీ డికాషనులో ఎర్రరంగు, అందులో చిటికెడు మసి. దుమ్ముకి ముల్తానీ మట్టి. చెమటపట్టిన మెడకి పలచటి టీ. మరక పెట్టాక ఎండలో వెయ్యాలి, మళ్ళీ పెట్టాలి, నలపాలి, గరుకు కాగితంతో పోగులు లేపాలి. గుండెల మీద పెద్దమరక గోదావరి జిల్లా మ్యాపులా ఉంటుందని ఆయనంటే, మాది కృష్ణ అవతల, నాకా మ్యాపు తెలియదని నేనన్నాను. ఎన్నాళ్ళకో ఆయన నవ్వారు. నవ్వితే దగ్గు రాలేదు. ఆ సంగతి ఇద్దరం గమనించాం, ఇద్దరం పైకి అనలేదు.

మూడోరోజు మధ్యాహ్నానికి చొక్కా దాదాపు తయారైంది. ఆయన ఫొటో పక్కన పెట్టుకుని ఒక్కో మరకా చూశారు. "ఎడమ చేతి పట్టీ మీద చుక్క ఒకటి మిగిలింది" అన్నారు. ఫొటోలో చూశాను. మణికట్టు దగ్గర గుండీ పెట్టే పట్టీ మీద బఠాణీగింజంత చుక్క. కుంచె ముంచబోయాను.

"డికాషను వద్దు. ఉత్త ఎరుపే పలచగా పెట్టు. అది రంగు కాదు."

"రంగు కాకపోతే ఏమిటి?"

ఆయన కిటికీ వైపు చూశారు. అప్పుడు చెప్పారు. క్లైమాక్స్ మొదటిరోజు పొద్దున, చొక్కాకి ఆఖరి మెరుగులు దిద్దుతుంటే దగ్గు తెర వచ్చిందట. చెయ్యి అడ్డం పెట్టుకునేలోపే చుక్క పడింది. తుడుద్దామంటే షాట్ రెడీ అని కేకేశారు. హీరో తొడుక్కున్నాడు, ఫొటో తీశారు, కెమెరా తిరిగింది. అంతే, ఆ చుక్క కూడా కంటిన్యుటీ అయిపోయింది. ఇంటికొచ్చాక చొక్కా పెట్టెలోంచి తీసి ఆ చుక్క చూసుకుంటూ ఉండేవారట. కత్తిరించెయ్యాలనీ అనిపించేది, కత్తిరిస్తే సినిమా పోతుందనీ అనిపించేది. అందుకే అది దిండు కిందికి చేరింది.

నేను పళ్ళెంలో చూసింది మొదటిసారి కాదన్నమాట. అప్పటికి మూడు నెలల ముందే పడింది. మూడు నెలలు నా పక్కన పడుకుని, పాపని ఎత్తుకుని తిరిగి, నాకు చెప్పలేదు. గుమ్మడికాయ పోతుందని చెప్పలేదు. తన రక్తం పడ్డ చొక్కాని ఏమీ ఎరగని ఇంకో మనిషికి తొడిగి ఊరుకున్నారు. ఆ పూటంతా నేను ఆయనతో మాట్లాడలేదు. తిట్టాను. తిట్టడం మాట్లాడడం కిందికి రాదు. ఓనరమ్మ కింద నుంచి ఏమైందని కేకేసింది, మా ఇంటి పని మేం చూసుకుంటామని ఆమెకీ ఒకటి తగిలించాను.

ఆయన అన్నీ విన్నారు. విని, "అన్నీ నిజమే. కానీ చుక్క పెట్టు" అన్నారు. "ఫొటోలో ఉన్నది చొక్కామీద లేకపోతే పట్టుకుంటారు. పట్టుకుంటే ఇన్నాళ్ళ కష్టం పోతుంది. ఒక్క చుక్కే కదా."

కుంచె ముంచాను. పట్టీ దాకా తీసుకెళ్ళాను. నా చెయ్యి దిగలేదు.

"పెట్టను. మీ ఒంట్లోంచి ఇంకో చుక్క బయటికి రానివ్వను. రంగుదైనా సరే" అన్నాను.

ఆయన బతిమాలారు. మా కాపురంలో ఆయన నన్ను బతిమాలింది ఆ ఒక్కసారే. నేను కుంచె కడిగేసి, చొక్కా మడిచి పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మెళ్ళో వేసుకున్నాను.

నాలుగోరోజు పొద్దున్నే పెట్టె ఆటోలో వేసుకుని కొండెక్కాను. జూబ్లీ హిల్స్‌లో అప్పటికి మేడకీ మేడకీ మధ్య ఇంకా బండలే ఉండేవి. షూటింగ్ బంగళా వెనక కూడా అలాంటి బండల గుట్ట ఉంది, దాని ముందు ఎత్తైన ప్రహరీ. గోడమీద నుంచి హీరో దూకేది మొదటి సగంలోనే తీసేశారు. ఇవాళ తీయాల్సింది దూకి నేలమీద దిగిన దగ్గర్నుంచి.

గేటు దగ్గరే మేనేజరు నన్ను ఆపాడు. చూస్తే వేరే కాస్ట్యూమర్ అప్పటికే వచ్చి ఉన్నాడు, కొత్త చొక్కా కుట్టి మరకలు కూడా పెట్టి తెచ్చాడు. అది డైరెక్టరుకి నచ్చలేదట, హోలీ ఆడొచ్చినట్టుందని విసిరికొట్టాడట. పాత చొక్కా కావాలి. కానీ చొక్కా కావాలి, మా ఇంటి గాలి వద్దు. మేనేజరు గొంతు తగ్గించి, టీబీ ఇంట్లోంచి వచ్చిన బట్టని తెలిసి తెలిసి హీరోగారి ఒంటిమీద ఎలా వెయ్యమంటావు, పెట్టె ఇక్కడ పెట్టి నువ్వు వెళ్ళు, ఎక్కడిదో చెప్పకుండా మేం చూసుకుంటాం, అన్నాడు.

ఆ మాటతో నేను రెండు గోడల మధ్య ఇరుక్కున్నాను. చొక్కాకి ఏ దోషమూ లేదని చెప్పాలంటే ఉడకబెట్టానని చెప్పాలి. ఉడకబెట్టానంటే కంటిన్యుటీ పాడుచేశానని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. నోరు మూసుకుని పెట్టె అక్కడ పెట్టి వచ్చేస్తే మరకల సంగతి ఎవరికీ తెలియదు. సొమ్ములో ఎంతో కొంత ఇస్తారు కూడా. కానీ అప్పటికే ఒకసారి చెప్పకుండా తొడిగిన పాపం మా ఇంటిది. రెండోసారి నేను చెయ్యను.

పెట్టె నెత్తిమీద పెట్టుకుని మేనేజరుని దాటుకుని లోపలికి వెళ్ళాను. డైరెక్టరు, హీరో ఒకే గొడుగు కింద కూర్చుని ఉన్నారు. పెట్టె వాళ్ళ ముందు దించాను.

"మా ఆయనకి క్షయండీ. మందులు వాడుతున్నారు, తగ్గుతోంది. ఈ చొక్కా కాస్టిక్ సోడాలో గంటసేపు ఉడికింది. ఇందులో ఇంకా పురుగు బతికుంటే అది నాకంటే మొండిదన్నమాట" అన్నాను.

డైరెక్టరు నన్ను ఎగాదిగా చూశాడు. ఉడికితే మరకలు ఎలా ఉన్నాయని అడిగాడు. మళ్ళీ పెట్టామని చెప్పాను. ఆయన చొక్కా లాక్కుని, అసిస్టెంటుని పిలిచి ఫొటోల ఆల్బమ్ తెమ్మన్నాడు. చొక్కాని బల్లమీద పరిచారు. యూనిట్ అంతా చుట్టూ మూగింది. అసిస్టెంటు ఫొటో మీద ఒక వేలు, చొక్కా మీద ఒక వేలు పెట్టి ఒక్కో మరకా జరిపాడు. గుండెల మీద సరిపోయింది. మెడ సరిపోయింది. వీపున మసి, భుజం చీలిక, దాని చుట్టూ లేచిన పోగులు, అన్నీ సరిపోయాయి. డైరెక్టరు "అబ్బ" అనుకోవడం నాకు వినిపించింది. ఆ అబ్బ మా ఆయనకి చెందాలి. నేను కుంచెని మాత్రమే.

వేలు ఎడమచేతి పట్టీ దగ్గర ఆగింది. ఇక్కడ చుక్క లేదన్నాడు అసిస్టెంటు.

"లేదు" అన్నాను.

"మర్చిపోయారా?"

"మర్చిపోలేదు. పెట్టలేదు. ఆ చుక్క ఉండదు."

ఎందుకని అడిగారు, చెప్పలేదు. అది చెప్పాల్సింది హీరోకి. చెప్పి క్షమించమని అడగాలి. అంతమందిలో నాకు నోరు రాలేదు. ఆ ఏడాది మొత్తంలో నా తల వంగే సంగతి ఏదైనా ఉంటే అదొక్కటే. మిగతా దేనికీ వంచలేదు, వంచను. డైరెక్టరు ఎండ వైపు చూశాడు, వాచీ వైపు చూశాడు, కొత్త చొక్కా వైపు చూశాడు. చేతిపట్టీ ఎవడు చూస్తాడు, కానివ్వండి అన్నాడు.

హీరో ఇదంతా విన్నాడు. లేచి నిలబడి, రోజూ మా ఆయన వైపు చాచినట్టే, చెయ్యి నావైపు చాచాడు. నేను చొక్కా తొడిగాను. ఎడమచేతి పట్టీకి గుండీ పెట్టాను. కాస్టిక్ సోడాకి చర్మం లేచిపోయిన నా వేళ్ళు చూసి ఆయన ఏమనుకున్నాడో తెలియదు.

సాయంత్రం గుమ్మడికాయ కొట్టారు. కుంకుమ కలిసిన ముక్కలు నా కాళ్ళ దగ్గరిదాకా వచ్చిపడ్డాయి. అందరికీ కవర్లు ఇస్తున్నాడు మేనేజరు. నా వంతు వచ్చినప్పుడు కవరు పిట్టగోడ మీద పెట్టి, తీసుకోమ్మా అన్నాడు. నేను తీసుకోలేదు. చెయ్యి చాచి నిలబడ్డాను. ఆయన పక్కవాళ్ళకి ఇచ్చుకుంటూ పోయాడు, తిరిగొచ్చాడు, నా చెయ్యి అలాగే ఉంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడగను కూడా లేదు, ఉత్తినే చెయ్యి చాచి నిలబడ్డాను. చివరికి కవరు గోడమీద నుంచి తీసి నా చేతిలో పెట్టాడు. ఆయన వేళ్ళు నా వేళ్ళకి తగిలాయి. ఏమీ కాలేదు, ఇద్దరం బతికే ఉన్నాం.

ఇంటికొచ్చి కవరు మా ఆయన దిండు కింద పెట్టాను, చొక్కా ఉండే చోట. ఓనరమ్మకి కిరాయి ఇవ్వబోతే, ముందు పిల్లను తోలుకరమ్మంది. డాక్టరు ఇంకా వద్దన్నాడని చెప్తే, అయితే ఆ మాత్రలు పూర్తయినంక తీసుకుంటానంది. అన్నట్టుగానే ఆఖరి మాత్ర మింగిన రోజున వచ్చి పైసలు లెక్కపెట్టుకుని మరీ తీసుకుంది, దేగ్చా అడుగున సొట్ట పడిందని దెప్పింది కూడా. పాప తెనాలి నుంచి వచ్చింది. ఆయన మళ్ళీ కొండెక్కారు. క్షయ అని తెలిసి పిలవనివాళ్ళు కొందరున్నారు, మరకలు చూసి పిలిచినవాళ్ళు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు.

సినిమా విడుదలయ్యాక ఒక వారపత్రికలో పాఠకుడెవరో ఉత్తరం రాశాడు. హీరో గోడ దూకేముందు చొక్కా చేతిమీద రక్తపు చుక్క ఉంది, నేలమీద దిగాక లేదు, కాస్ట్యూమర్ నిద్రపోతున్నాడా అని. మా ఆయన ఆ ముక్క కత్తిరించి నోటుబుక్కులో ఆ ఫొటోల పక్కనే అంటించుకున్నారు. అది చూసినప్పుడల్లా నవ్వు ఆయనకి, మంట నాకు. ఆ మనిషి దొరికితే అడగాలని ఉండేది, ఉన్న చుక్క కనిపించింది గానీ, అది పోవడం ఎంత కష్టమో తెలుసా నీకు అని.

వంటింట్లోంచి రానని మొదట్లో చెప్పాను. అది పూర్తిగా నిజం కాదు. హీరో గోడ దూకేదాకా రాను. అప్పటిదాకా ఆ చుక్క ఉంటుంది, దాన్ని నేను చూడను. దూకి దిగగానే ఆయన "అయిపోయింది, రా" అని కేకేస్తారు. అప్పుడు చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆయన కుర్చీ వెనక నిలబడి, ఆ చేతిపట్టీ మీద ఏమీ లేదని చూసుకుని వెళ్తాను.